తొలికాన్పు పుట్టింట, మలికాన్పు బహ్రెయిన్‌లో

సనాబిస్, బహ్రెయిన్.
1997 నవంబరు.

అమెరికా దేశపు వలస వీసాలు చూచు అధికారి గారి సముఖమునకు, సనాబిస్ నివాసిని, ఆసుపత్రి నర్సు కె. వీరవేణి వ్రాసి సమర్పించుకొను అర్జీ.

విషయం: అర్జీదారుకు మంజూరైన వలస వీసాను రద్దుచేసి, సదరు నంబరును ఆమె తోడబుట్టిన అక్కగారి పేరిట బదలాయించుట గురించి, అందుకు చట్టం ఒప్పనిచో అర్జీదారును సైతం భారతదేశపు వరుసలో అక్కగారి వెనుక నిలబెట్టుట గురించి.

అయ్యా,

తమ కిటికీ దగ్గర నేను రెండుసార్లు నిలబడ్డాను. మొదటిసారి నా పక్కన మా అక్క ఉంది. రెండోసారి ఒక్కదాన్నే వచ్చి, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేసి, సీలు వేసిన పెద్ద కవరు పుచ్చుకుని వెళ్లాను. దాన్ని నేను తెరవరాదనీ, అమెరికా విమానాశ్రయంలో అక్కడి అధికారులే తెరవాలనీ, గడువులోగా ప్రయాణం కావాలనీ తమరు చెప్పారు. కవరు మా బీరువాలో చీరల కింద ఉంది. తెరవలేదు. ప్రయాణమూ కాలేదు. ఆ కవరు గురించే ఈ అర్జీ.

ఇంగ్లీషు ప్రతి జతపరుస్తున్నాను. అయితే అసలు ప్రతి ఇదే. ఇంగ్లీషులో రాయబోతే ప్రతి వాక్యమూ తమ ఫారంలోని ప్రశ్నకు జవాబులాగా వస్తోంది. నేను అడగడానికి వచ్చినదాన్ని, జవాబు చెప్పడానికి కాదు. లేక జవాబు చెప్పవలసినదాన్నేనేమో, అదీ నాకు స్పష్టంగా తెలియదు. ఆ సందేహంతోనే కింది అంశాలను వరుసగా మనవి చేసుకొనుచున్నాను.

1. పుట్టుక గురించి. అర్జీదారు తండ్రిగారు యాభైల మొదట్లో ఇక్కడి నూనెశుద్ధి కర్మాగారంలో స్టోర్సు గుమాస్తాగా చేరిరి. తల్లిగారు కాపురానికి వచ్చిన కొద్ది కాలానికే నెల తప్పిరి. తొలికాన్పు పుట్టింట జరగవలెనన్నది మా గోదావరి జిల్లాల ఆచారం గనుక, నిండు నెలలు రాకముందే ఆమెను ఓడ ఎక్కించి బొంబాయికీ, అక్కడినుండి రైలులో సామర్లకోటకూ, అటుపైన ఎడ్లబండిలో వాళ్ల ఊరికీ చేర్చిరి. అక్క అక్కడ పుట్టింది. అమ్మమ్మ పేరు కలిపి కనక పాపాయమ్మ అన్నారు, ఇంట్లో పిలుచుకోడానికి బేబి అన్నారు. చంటిబిడ్డగా ఉండగానే మళ్లీ ఓడెక్కి ఇక్కడికి వచ్చేసింది.

మలికాన్పు మెట్టినింటివాళ్లు చూసుకోవాలి. మా నాయనమ్మ అప్పటికే లేదు. మెట్టినిల్లంటే కర్మాగారం వాళ్లిచ్చిన రెండు గదుల క్వార్టరే. అందుచేత నేను బహ్రెయిన్‌లో పుట్టాను. మా అమ్మ ఆచారం తప్పే మనిషి కాదు. మొదటిసారీ తప్పలేదు, రెండోసారీ తప్పలేదు.

మా ఆచారం తమ దేశపు చట్టంలో లేదని ఎరుగుదును. అయినా తమ చట్టం మా ఇంట్లో అమలు చేసింది దాన్నే.

2. చదువు, ఉద్యోగముల గురించి. అక్కా నేనూ ఒకే మంచం మీద పెరిగాము, విశాఖపట్నంలో ఒకే కాలేజీలో నర్సింగు డిగ్రీ చదివాము. ఆమె వెనకాలే నేనూ తిరిగి ఇక్కడికి వచ్చి, ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే చేరాను. అక్క పిల్లల వార్డు, నేను కాలిన గాయాల వార్డు. టెక్సాస్ నుంచి ఒక ఆసుపత్రివారు నర్సుల కోసం వచ్చి మనామా హోటల్లో ఇంటర్వ్యూలు పెట్టినప్పుడు, వెళ్దామన్నది అక్క. నాకు అంత కోరిక లేదు. లేదని అప్పుడు అనుకున్నాను.

అమెరికా నర్సుల పరీక్షకు నన్ను చదివించింది ఆమే. బెండకాయలు తరుగుతూ ప్రశ్న వేసేది, నేను తడబడితే కత్తిపీట మీంచి తలెత్తకుండానే, "రోగి చచ్చిపోయాడు, మళ్లీ చెప్పు" అనేది. నాకన్నా ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇంటర్వ్యూలో ఆమెనే ముందు పిలిచారు. ఆ ఆసుపత్రివారు మా ఇద్దరి కాగితాలూ ఒకే రోజున, ఒకే ఉద్యోగానికి, ఒకే సంతకంతో దాఖలు చేశారు. వరుసలో మా స్థానం ఆ తేదీయేనని తమరే చెప్పారు. ఆ లెక్కన మేమిద్దరం భుజం భుజం ఆనించుకుని నిలబడి ఉండాలి.

3. తమ కిటికీ గురించి. నాకు పిలుపు వచ్చి అక్కకు రాకపోయేసరికి, టపాలో పోయిందనుకుని ఇద్దరం కలిసి వచ్చాము. తమరు విసుక్కోలేదు. నెలనెలా వచ్చే కాగితాన్ని అద్దం ఇవతలికి తిప్పి చూపించారు. అందులో నాలుగైదు దేశాలకు విడిగా గడులున్నాయి. మిగతా ప్రపంచానికంతటికీ కలిపి ఒకటే గడి. ఒక్కో దేశానికి ఏడాదికి ఇన్నే అని హద్దు ఉన్నదనీ, అడిగేవాళ్లు ఎక్కువైన దేశాలకు వరుస తయారవుతుందనీ, మనిషి పాస్‌పోర్టు ఏ దేశానిదైనా లెక్కకు వచ్చేది పుట్టిన చోటేననీ వివరించారు. భారతదేశపు గడిలో మా తేదీకి చాలా వెనకటి తేదీ ఉంది. మిగతా ప్రపంచపు గడిలో తేదీయే లేదు. అక్కడ వరుస లేదన్నమాట.

తమరు అక్కను చూసి, "మీ భర్త ఎక్కడ పుట్టారు?" అని అడిగారు. ఆశగానే అడిగారని నాకు అనిపించింది. భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే భార్య ఆయన గడిలోకి మారవచ్చునట. అక్క "రామచంద్రపురం" అని చెప్పింది. అది ఏ దేశంలో ఉందని తమరు అడగలేదు. ఆమె ముఖం చూసి గ్రహించారు.

నేను అడిగాను, తోబుట్టువు పుట్టిన చోటు పనికి రాదా అని. రాదన్నారు. ఒకే కడుపున పుట్టినవాళ్లం గదా అని కూడా అన్నాను. ఆ మాట ఇంగ్లీషులో చాలా బలహీనంగా వచ్చింది. తమరు "ఐయామ్ సారీ" అన్నారు. బయటికి వచ్చాక అక్క, "పాపం, మంచాయనే" అంది. ఆ తరవాత ఇంటర్వ్యూ రోజున నా డ్యూటీ తను చేసి నన్ను తమ దగ్గరికి పంపింది. కవరుతో తిరిగి వార్డుకు వెళ్తే, గ్లవ్స్ తీసేసి చేతులు కడుక్కుని వచ్చి, కవరును అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత బరువుందే" అంది. అంతే అంది.

4. అర్జీదారు బహ్రెయిన్‌దా కాదా అన్నది గురించి. పుట్టింది ఇక్కడేనన్న మాట నిజమే. కానీ అయ్యా, ఈ దేశం నన్ను ఏనాడూ తనదాన్ని అనలేదు. అనాలని నేనూ అడగలేదు. నాకు పూచీపడే కఫీల్ ఉన్నాడు. నా నివాసపు అనుమతి అతని సంతకం మీద నడుస్తుంది. ఉద్యోగం పోతే, పుట్టిన ఊరినుంచి సామాను సర్దుకుని, ఎన్నడూ కాపురం లేని సామర్లకోట వైపు వెళ్లవలసినదాన్ని. అక్కదీ ఇదే స్థితి. ముహర్రక్ విమానాశ్రయంలో మేమిద్దరం ఎప్పుడూ ఒకే లైనులో నిలబడ్డాము, పరాయివాళ్ల లైనులో. నన్ను బహ్రెయిన్ మనిషి అన్నది లోకం మొత్తమ్మీద తమ కార్యాలయం ఒక్కటే.

ఇక్కడ నాకొక సందేహం. హద్దులు ఎందుకు పెట్టారో ఆలోచించాను. పెట్టకపోతే మా వంటి పెద్ద దేశాల వాళ్లమే అన్ని చోట్లూ నింపేస్తాము, చిన్న దేశం పిల్లకు తలుపు సందు కూడా దొరకదు. అది అన్యాయమని నేను అనలేను. నిజంగా ఈ మట్టిమీద హక్కున్న నర్సు ఎవరైనా అడిగితే ఆమెకు దారి ఉండాలని కదా ఆ ఏర్పాటు. మరి ఆమె కోసం తీసిపెట్టిన కుర్చీలో నేను కూర్చున్నాను. మా అక్క దగ్గర లాక్కున్నానా, ముఖం తెలియని ఆ అమ్మాయి దగ్గర లాక్కున్నానా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఆ గడిలో వరుసే లేదు గనుక ఎవరి దగ్గరా లాక్కోలేదని మా బావగారు అంటారు. ఆయన లెక్కలు తెలిసిన మనిషి. లెక్క సరిపోయిన తరవాత కూడా నాకు అన్నం సయించకపోవడానికి కారణం ఆయన చెప్పలేదు.

5. బావగారి పరిహాసం గురించి. ఈ అంశాన్ని ఒకసారి కొట్టివేసి మళ్లీ రాస్తున్నాను. దీనివల్ల అక్కకు తమ దృష్టిలో కీడు జరగరాదని ముందుగానే వేడుకొనుచున్నాను.

బావగారు భీమేశ్వరరావు గారు, ఓడ సరుకులు విడిపించే ఆఫీసులో పని. కింది అంతస్తులో వాళ్ల కాపురం, పై గదిలో నేను. నాకు పెళ్లి కుదరలేదు, కుదరనందుకు పెద్దగా బాధా లేదు. ఒక శుక్రవారం సెలవు పూట అద్లియాలో హోటల్లో పనిచేసే అమ్మిరాజు గారిని భోజనానికి పిలిచారు. ఆయన వీసా సంగతి అడిగారు. బావగారు పప్పులో నెయ్యి వేసుకుంటూ మొదలుపెట్టారు.

"నేనే తొందరపడ్డానండి అమ్మిరాజు గారూ. పెద్దదాన్ని చేసుకున్నాను. ఓ రెండేళ్లు ఓపిక పట్టి చిన్నదాన్ని చేసుకునుంటే ఈపాటికి టెక్సాస్‌లో గుర్రమెక్కి తిరుగుతుండేవాణ్ణి."

"ఇప్పుడు మాత్రం మించిపోయిందేముందండి," అన్నారు అమ్మిరాజు గారు. "మరదలు గారు ఎదురుగానే ఉన్నారు, అడగండి."

"మిమ్మల్ని చేసుకోడం కంటే ఇండియా వరుసలో నిలబడ్డమే నయం బావా," అన్నాను నేను. "అది నెలకోసారైనా కదుల్తుంది."

అందరం నవ్వాము. అక్క కూడా నవ్వింది, అందరికీ మారు వడ్డించింది. బావా మరదళ్ల మధ్య ఇటువంటి హాస్యాలు మాలో తప్పు కాదు. అక్క పెళ్లయిన నాటినుంచీ ఆయన నన్ను ఏడిపిస్తూనే ఉన్నారు.

అమ్మిరాజు గారు వెళ్లాక, బావగారు కునుకు తీస్తుండగా, మేమిద్దరం గిన్నెలు కడుగుతున్నాము. అక్క తోముతోంది, నేను తొలుపుతున్నాను.

"ఆయన అన్నదాంట్లో తప్పేముందే," అంది అక్క.

ఏదో హాస్యానికే అంటోందనుకున్నాను.

"కాయితం మీదే కదా. ఆయన నాకు విడాకులిచ్చి నిన్ను చేసుకుంటే ఆయనా పిల్లా నీ గడిలోకి వస్తారు. నేను తరవాత ఎప్పుడో వస్తాను."

"పిచ్చా నీకేమైనా?"

"పిచ్చేం లేదు. అడిగాను. కుదరదట." గిన్నె నా చేతికి ఇచ్చింది. "పిల్లకి పద్దెనిమిది నిండకముందే పెళ్లి జరగాలంట. ఇప్పుడు నువ్వు దానికి సవతితల్లివి కూడా కాలేవంట."

అయ్యా, అది తప్పు కనక వద్దనుకున్నానని ఆమె అనలేదు. కుదరదట అంది. ఎవరి దగ్గరకు వెళ్లి ఏ ముఖంతో అడిగిందో నేను అడగలేదు. తన మొగుణ్ణి నాకివ్వడానికి దారి ఉందేమోనని మా అక్క ఎక్కడో ఒక కుర్చీ అంచున కూర్చుని ఎవరినో అడిగింది. సినిమాకు వెళ్లినా ఆయన పక్క సీటులో నన్ను కూర్చోనివ్వని మనిషి. ఆమె మోసగత్తె అని తమరు రాసుకోదలిస్తే, ఆమెను ఆ కుర్చీ దాకా తీసుకెళ్లినదేమిటో కూడా పక్కనే రాసుకోవలెనని ప్రార్థన.

6. పిల్ల గురించి. అసలు ఇదే మొదటి అంశంగా ఉండవలసింది. పిల్ల సంగతి ముందు రాస్తే జాలి అడిగినట్టుంటుందని వెనక్కి నెట్టాను. ఇప్పుడు చూస్తే జాలి తప్ప వేరే ఏమి అడుగుతున్నానో తెలియడం లేదు.

అక్కకు ఒక్కతే కూతురు, లక్ష్మిప్రసన్న. తల్లి కాగితాల మీద పిల్లగా వెంట వెళ్లాలంటే ఇరవైయొకటి నిండకుండా ఉండాలి. వచ్చే మార్చిలో నిండుతాయి. భారతదేశపు గడిలో తేదీ ఒక నెల కొంచెం ముందుకు జరుగుతుంది, రెండు నెలలు అక్కడే ఉంటుంది, ఒకసారి వెనక్కి కూడా పోయింది. బావగారు నెల మొదట్లో ఆఫీసు ఫ్యాక్సులో ఆ కాగితం తెప్పించి, ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే చదివేవారు. ఇప్పుడు చదవడం మానేశారు. మార్చి తరవాత అక్క వంతు వచ్చినా, వచ్చేది మొగుడూ పెళ్లాలకే. పిల్ల రాలిపోతుంది. పిల్లను వదిలి అక్క కదలదు. ఆ సంగతి ఆమె చెప్పనక్కరలేదు.

తమరు గమనించారో లేదో, ప్రసన్న పుట్టింది బహ్రెయిన్‌లోనే. అక్క పెళ్లయి కొన్నాళ్లు అత్తవారి ఊరు రామచంద్రపురంలో ఉంది, తొలికాన్పుకు పుట్టింటికి రావాలి. పుట్టిల్లంటే అప్పటికి ఇదే. మా అమ్మ ఆచారం తప్పలేదని పైన విన్నవించుకున్నాను. పిల్ల పుట్టిన చోటు తల్లికి పనికి రాదట. తల్లి పుట్టిన చోటు మాత్రం పిల్లను ఆపుతుందట. తల కదలనిదే తోక కదలకూడదన్నది న్యాయమే కావచ్చు.

వలస దారి మూసుకుంటుందని గ్రహించి, ప్రసన్న చదువు వీసా కోసం వేరే కిటికీ దగ్గర నిలబడింది. చెవిటి పిల్లలకు చదువు నేర్పే కోర్సు, నాకు ఉద్యోగమిచ్చిన ఊరికి దగ్గరి కాలేజీలోనే సీటు వచ్చింది. అక్కడి అధికారి మొదటి ప్రశ్న చదువు గురించి వేశారట, రెండోది తల్లి గురించి. మీ అమ్మ మా దేశంలో స్థిరపడటానికి వరుసలో ఉంది, నువ్వు చదువయ్యాక తిరిగి వస్తావని ఎలా నమ్మమంటావు అన్నారట. తిరస్కరించారు. అదీ చట్టమేనని నాకు తెలుసు. వరుసలో ఉన్నందుకు వీసా రాదు, వరుస కదలనందుకూ వీసా రాదు. పిల్ల ఇంటికొచ్చి, "పిన్నీ, నేను ఆయనకి నిజమే చెప్పాను, అదే తప్పయిందా?" అని నన్నడిగింది. నేను పిన్నిని. కాలిన చర్మానికి ఏ మందు రాయాలో తెలిసినదాన్ని. దాని జడ విప్పి మళ్లీ అల్లాను.

7. ఏడవ అంశానికి శీర్షిక ఏమి పెట్టాలో తోచలేదు. నా వార్డులో బహ్రెయినీ ముసలామె ఒకామె ఉంది. వేడినీళ్లు ఒలికి కాలు కాలింది. నేను ఇక్కడే పుట్టానని విని, "అయితే నువ్వు మా పిల్లవే" అంది, పట్టీ మారుస్తుంటే. ఆ మాట విన్నప్పుడు ఎవరికైనా సంతోషం కలగాలి. నాకు దొంగతనం బయటపడ్డట్టయింది. గత కొన్ని నెలలుగా ఏ మంచిమాట విన్నా నాకిలాగే అవుతోంది. తోటి నర్సులు మిఠాయిలు అడుగుతున్నారు. కొనిపెట్టాను. అక్క వాటా కూడా పక్కన పెట్టాను. ఆమె తినేసింది, బాగుందంది.

అక్క నాతో పోట్లాడి ఉంటే బాగుండేది. పోట్లాడదు. నా ప్రయాణానికి కావలసిన చలిబట్టలు తనే చూస్తోంది. ఊరగాయ విమానంలో కారకుండా ఎలా కట్టాలో కనుక్కుని వచ్చింది. నా స్థానంలో తనుంటే నాలాగా బాధపడేదా అని ఒకసారి ఆలోచించాను. పడేది కాదనిపించింది. వెళ్లి, అక్కడినుంచి మమ్మల్ని లాక్కోడానికి దారి వెతికేది. నేను ఇక్కడ కూర్చుని అర్జీ రాస్తున్నాను.

కాబట్టి తమ సముఖమున అడుగునవి:

అ. నా వీసా రద్దుచేసి ఆ నంబరు ఎం. కనక పాపాయమ్మకు ఇప్పించవలెను. ఆమెకిస్తే ముగ్గురు బాగుపడతారు. నాకిస్తే ఒక్కదాన్ని.

ఆ. అది కుదరనిచో, నేను మా అమ్మ మొదటి కాన్పులో పుట్టినట్టే భావించి నన్ను కూడా భారతదేశపు గడిలో వేయవలెను. అక్క ముందు నిలబడితే నేను వెనుక నిలబడతాను. చిన్నప్పటినుంచీ అలవాటే.

ఇ. అదీ కుదరనిచో, కవరు తిరిగి పుచ్చుకొని, నేను వద్దన్నానని కాక, తమరే ఇవ్వలేదని ఒక కాగితం ఇప్పించవలెను. ఇంట్లో చూపించుకుంటాను.

ఉత్తర్వు తమ చేతిలో లేదని తెలిసి కూడా, కనీసం ఈ కాగితాన్ని చివరిదాకా చిత్తగించవలెనని మాత్రమే అర్థించుచున్న,

తమ విధేయురాలు,
కె. వీరవేణి, బి.ఎస్సీ. (నర్సింగు)

తా.క.: ఇది టైపు చేయించబోయే ముందు, అక్క పేరూ ఊరూ సరిగా రాశానో లేదోనని ఆమెకు చూపించాను. డ్యూటీకి తయారై, బూట్ల తాళ్లు కట్టుకోడానికి మంచం మీద కూర్చుని ఉంది. తీరుబడిగా చదివింది. ఐదో అంశం చదువుతున్నప్పుడు తీసెయ్యమంటుందని చూశాను. "ఉండనీ. నవ్వుకుంటే నవ్వుకుంటారు," అంది. చివరికి వచ్చి ఆగింది.

"ఒప్పుకోరని తెలిసే కదే ఇవన్నీ అడిగావు?"

కాదన్నాను.

"ఆయనకి కుదిరేది ఏదైనా ఉంటే అడుగు. కుదరనివి అడిగితే నీ మనసుకి హాయిగా ఉంటది, పిల్లకేం ఒరుగుద్ది?"

"కుదిరేది ఏముంది?" అన్నాను.

ఉందట. ఆలోచించి పెట్టుకుందట. తను వరుసలోంచి తప్పుకుంటుంది. తన పేరు అక్కడ లేకపోతే, తల్లి ఇక్కడే బహ్రెయిన్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఉంటుందనీ, పిల్లకు తిరిగి రావడానికి ఒక ఇల్లుందనీ అధికారులు నమ్మవచ్చు. అప్పుడు చదువు వీసాకు మళ్లీ పెట్టుకోవచ్చు. అక్కడ పిన్ని ఉంటుంది గనుక శని ఆదివారాలు వెళ్లి అన్నం తినొచ్చు.

తప్పుకున్నా ఇవ్వకపోవచ్చునని చెప్పాను. మళ్లీ వరుసలో చేరాలంటే అన్నిటికన్నా వెనక నిలబడాలని చెప్పాను. నన్ను చూసి కూడా అనుమానించవచ్చునన్నాను.

"అనుమానించనీ. ఇప్పుడైతే ఎలాగూ రాదు కదా. నువ్వు ముందు వెళ్లి అక్కడ స్థిరపడు. అది వస్తే నీ దగ్గరకొస్తది."

"మరి నువ్వు?"

"నాకేం. పిల్లల వార్డు ఉంది, మీ బావ ఉన్నారు."

అయ్యా, ఆ క్షణాన నాకు ముందుగా కలిగినది దుఃఖం కాదు. కవరు నా దగ్గరే ఉంటుందన్న నిశ్చింత. నాకు వెళ్లాలని ఉంది. మొదటినుంచీ ఉంది. పై ఏడు అంశాల్లో ఎక్కడా ఆ మాట రాయలేకపోయాను. అక్క అది నా ముఖంలో చూసింది, చూసి, వంగి రెండో బూటు తాడు కట్టుకుంది.

అందువల్ల అ, ఆ, ఇ అను మూడు విన్నపములను కొట్టివేసినట్టుగా భావించవలెను. వాటి స్థానమున ఒక్కటే: పిల్ల మళ్లీ కిటికీ దగ్గరకు వచ్చినప్పుడు, చెవిటి పిల్లలకు అక్షరాలు ఎలా నేర్పుతారో దాన్ని అడిగించవలెను. చేతులతో చేసి చూపిస్తుంది. అది చూసి నిర్ణయించవలెను.

కింది వాక్యం అక్క చెప్పగా నేను రాశాను. అర్జీదారు దగ్గర తన పేరు వేయమంది. నన్ను సాక్షి సంతకం పెట్టమంది.

"నా పేర దాఖలైన వలస దరఖాస్తు నుండి నా ఇష్టపూర్వకంగా తప్పుకొనుచున్నాను."

అర్జీదారు: ఎం. కనక పాపాయమ్మ

సాక్షి: కె. వీరవేణి